కెఎఫ్ఎఫ్: మన బాసకు ఇచ్చిన టోకెన్ నంబరు

పోస్టు పెద్దదే. ఫోన్లో ఛార్జింగ్ తక్కువున్నోళ్ళు రాత్రికి చదువుకోండి, కానీ సగం చదివి కొట్లాటకు మాత్రం రాకండి.

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు ఒక పట్టిక పెట్టిండు. మంచి కష్టమే పడ్డడు, ఆ మాట ముందే చెప్తున్న. అందులో డచ్చి భాష, జపనీస్ భాష, కోయ భాష. ప్రపంచమంతా కంప్యూటర్లల్ల, ఫోన్లల్ల, లైబ్రరీలల్ల వాడే భాషా కోడ్లు పక్కపక్కన. డచ్చికి ఎన్ఎల్, జపనీస్‌కు జెఏ, కోయకు రెండక్షరాల గడి ఖాళీ, మూడక్షరాల గడిలో కెఎఫ్ఎఫ్. కింద ఆయన తేల్చిందేందంటే, రెండక్షరాలోళ్ళు పెద్ద కులం, మూడక్షరాలోళ్ళు చిన్న కులం, కాబట్టి రెండక్షరాల కోడ్ కావాలని ఐటీడీఏ పీవో గారికి మెమోరాండం ఇద్దాం అని. దానికి లైకులు కూడా బాగానే పడ్డయి. కింద ఇంకో అన్న ఇంకో అడుగు ముందుకేసి, అసలు ఆ కోడ్ మనది కాదు, మిషనరీలు ఇచ్చింది, దాన్ని కొట్టేయించి గోండి కోడ్‌లో కలిసిపోదాం అన్నడు.

ఈ రెండు మాటలూ తప్పే అని నా వాదన. రెండూ మన కోపాన్ని తీస్కపోయి తప్పు గుమ్మం ముందు కూర్చోబెడుతున్నయి.

ముందు ఆ పట్టిక సంగతి. డచ్చికి నిజానికి మూడక్షరాల కోడ్లు రెండున్నయి. ఒకటి డియుటి, ఇంకోటి ఎన్ఎల్‌డి. మొదటిది ఇంగ్లీషోళ్ళు ఆ భాషను పిలిచే పేరు నుంచి వచ్చింది, రెండోది ఆ భాషవాళ్ళు తమను తాము పిలుచుకునే నేడర్లాండ్స్ అనే పేరు నుంచి వచ్చింది. పాత లైబ్రరీ కార్డులు మొదటిదాన్ని పట్టుకున్నయి, మిగిలిన లోకం రెండోదాన్ని పట్టుకుంది. ఇట్ల జంట కోడ్లున్న భాషలు ప్రపంచంలో ఇరవై. జపనీస్‌కు ఆ తిప్పలు లేదు, రెండు చోట్లా జెపిఎన్ ఒక్కటే. కానీ చూడండి, జపానోళ్ళు తమ భాషను నిహోంగో అంటరు. కోడ్‌లో ఆ పేరు ఎక్కడా లేదు. ఇంగ్లీషు పేరే ఉంది. ప్రపంచంలో పెద్ద పారిశ్రామిక దేశాల్లో ఒకటి, తన భాష కోడ్‌లో పరాయి పేరు పెట్టుకుని హాయిగా బతుకుతున్నది. ఎందుకంటే వాళ్ళకు ఆ అక్షరాలతో పని లేదు. వాళ్ళ బడి వాళ్ళ భాషలో నడుస్తది, కోర్టు వాళ్ళ భాషలో నడుస్తది, ఆస్పత్రిలో చీటీ వాళ్ళ భాషలో రాస్తరు.

మరి మన కెఎఫ్ఎఫ్‌లో ఏముంది? మొదటి 'కె' కోయ అనుకోవచ్చు. 'ఎఫ్ఎఫ్' ఏంది? ఏమీ కాదు. కొడవకు కెఎఫ్ఎ, వాయవ్య కొలామీకి కెఎఫ్‌బి, కొండదొరకు కెఎఫ్‌సి, కొరగకు కెఎఫ్‌డి, నీలగిరి కోతలకు కెఎఫ్ఇ, తర్వాత వరుసలో మనకు కెఎఫ్ఎఫ్, మన వెనక కుడియకు కెఎఫ్‌జి. అర్థమైంది గదా? ఎవరో ఒక టేబుల్ ముందు కూర్చుని, ఇండియాలో 'క'తో మొదలయ్యే చిన్న భాషలన్నిటినీ అక్షర క్రమంలో నిలబెట్టి టోకెన్లు ఇచ్చిండ్రు. జీసీసీ డిపో ముందు ఇప్ప పువ్వు గంప పెట్టుకుని నిలబడితే నంబరు ఇచ్చినట్టు. టోకెన్ మీద నీ పేరు లేదని ఏడవడం ఎంత దండగనో, ఆ టోకెన్ చింపేసి ఇంటికి పోవడం అంతకన్నా దండగ.

ఇక రెండక్షరాల మోజు. మొత్తం ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారు, రెండేసి పేరిస్తే 676 జంటలే వస్తయి. ప్రపంచంలో భాషలు ఏడు వేల పైచిలుకు. 1988లో ఆ జాబితా మొదటిసారి ప్రమాణంగా అచ్చయినప్పుడే అందరికీ చాలదని తెలుసు. అందుకే 1998లో మూడక్షరాల జాబితా వచ్చింది, 2007లో దాన్ని దాదాపు ప్రపంచ భాషలన్నిటికీ విస్తరించిండ్రు, 2023లో అన్నిటినీ కలిపి ఒకే ప్రమాణం చేసిండ్రు. రెండక్షరాల తలుపు 2003లో హైతీ క్రియోల్ వచ్చినంక దాదాపు మూసేసినట్టే. ఆ తలుపు దగ్గర మెమోరాండం పట్టుకుని నిలబడితే, దాన్ని తీసే తాళంచెవి భద్రాచలం ఐటీడీఏలో లేదు, హైదరాబాద్‌లో లేదు, ఢిల్లీలో కూడా లేదు.

రెండక్షరాలు లేకపోతే చిన్న కులం అన్న మాట కూడా నిలవదు. మైథిలి మాట్లాడేటోళ్ళు 2011 లెక్కల ప్రకారం కోటీ ముప్పై లక్షల పైన. వాళ్ళకు రెండక్షరాల కోడ్ లేదు, ఎంఎఐ అనే మూడక్షరాలే. సంతాలీకి ఎస్ఎటి, బోడోకు బిఆర్ఎక్స్, మణిపురీకి ఎంఎన్ఐ, డోగ్రీకి డిఓఐ, కొంకణికి కెఓకె. ఇవన్నీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న భాషలు. సంతాలీ, బోడో రెండూ ఆదివాసీ భాషలు, 2003లో 92వ సవరణతో షెడ్యూల్లోకి ఎక్కినయి. ఎక్కించింది కోడ్ కాదు, దశాబ్దాల ఉద్యమం. 2024లో గూగుల్ అనువాదంలోకి ఒకేసారి 110 భాషలు వచ్చినప్పుడు సంతాలీ, బోడో, ఖాసీ, కోక్‌బొరోక్ వచ్చినయి. సాఫ్ట్‌వేర్‌కు రెండక్షరాలైనా మూడక్షరాలైనా ఒకటే. దానికి కావాల్సింది చదవడానికి అక్షరం, వినడానికి గొంతు. అది మనం ఎంత ఇచ్చినం?

జనాభా తక్కువని రాలేదా అంటే అదీ కాదు. డచ్చోళ్ళ దేశంలోనే ఫ్రిసియన్ అని ఒక భాష ఉంది, మాట్లాడేటోళ్ళు అటూఇటుగా నాలుగైదు లక్షలు, అంటే దగ్గర దగ్గర మనమంతే. దానికి ఎఫ్‌వై అని రెండక్షరాలున్నయి, ఫ్రీస్లాండ్ రాష్ట్రంలో అది అధికార భాష కూడా. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ పైభాగంలో దుప్పులను మేపుకునే సామీ ఆదివాసులున్నరు. వాళ్ళ ఉత్తర సామీ భాష మాట్లాడేటోళ్ళు పాతిక వేల లోపే. దానికీ ఎస్ఇ అని రెండక్షరాలున్నయి. కానీ వాళ్ళను బలంగా నిలబెట్టింది ఆ ఎస్ఇ కాదు. నార్వేలో 1989లో వాళ్ళకు సొంత సామీ పార్లమెంట్ వచ్చింది, బళ్ళు వచ్చినయి, రేడియో వచ్చింది. మన తమ్ముడు పట్టికలో డచ్చి పక్కన సామీని పెట్టి ఉంటే మనకు కోపం రావాల్సిన చోటు అప్పుడే తెలిసేది.

జపాన్ వరుస మీద నాకు ఇంకా పెద్ద గొడవ ఉంది. జపాన్ అంటే జెఏ ఒక్కటే కాదు తమ్ముడూ. అదే దేశంలో ఉత్తరాన హొక్కైడోలో ఐను అనే ఆదివాసులున్నరు. దక్షిణాన ఒకినావా దీవులున్నయి. ఐను భాషకు ఏఐఎన్, ఒకినావా భాషకు ఆర్‌వైయు, మియాకోకు, యాయెయామాకు, యొనగునికి ఒక్కోదానికి వేరే కోడ్లు. జపాన్ ప్రభుత్వం మాత్రం ఒకినావా దీవుల భాషలను చాలా కాలం 'హోగెన్', అంటే జపనీస్‌లో ఒక యాస, అనే పేరుతోనే చూసింది. ఒకప్పుడు అక్కడి బడిలో పిల్లలు ఇంటి భాషలో నోరు తెరిస్తే, మెడకు ఒక చెక్క పలక వేలాడదీసేటోళ్ళు. హోగెన్ ఫుదా అంటరు దాన్ని. ఇంకో పిల్లోడు నోరు జారేదాకా ఆ పలక వీడి మెడలోనే ఉండాలి. పిల్లోడిని పిల్లోడి మీద కాపలా పెట్టడం.

మనకు పలక వెయ్యలేదు. నేను చదివిన ఆశ్రమ బడి పేరు రాయను, అక్కడ కోయలో మాట్లాడితే "అడవి మాటలు బడి బయట" అనేటోళ్ళు. పలక కనబడదు, అంతే. పదేళ్ళు అట్ల గడిస్తే పిల్లోడు ఇంటికొచ్చి అమ్మతో కూడా తెలుగులోనే మాట్లాడుతడు.

ఐను సంగతి ఇంకా ఘోరం. యునెస్కో 2009లో తీసిన ప్రమాదంలో ఉన్న భాషల పటంలో ఐనును చివరి అంచున ఉన్నట్టు చూపించింది. 2019లో జపాన్ చట్టం చేసి ఐనులు ఆదివాసులని ఒప్పుకుంది. ఒప్పుకునేటప్పటికి ఇంట్లో పుట్టుకతో ఆ భాష మాట్లాడేటోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కోడ్ ఉంది, చట్టం ఉంది, మ్యూజియం ఉంది. మాట్లాడే నోళ్ళు లేవు. మన పట్టికలో జపనీస్ పక్కన కోయను పెడితే పోలిక తప్పుతది. జపనీస్ పక్కన తెలుగును పెట్టాలి, ఐను పక్కన కోయను పెట్టాలి. తెలుగుకు కూడా టిఇ అని రెండక్షరాలున్నయి, మర్చిపోయినమా?

ఇక గోండిలో కలిసిపోదాం అన్న అన్న మాట. ఆ అన్న మీద గౌరవం ఉంది, కానీ మాట తేల్చాల్సిందే.

కోయ, గోండి చుట్టరికం అబద్ధం కాదు. 1906లో గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటంలోనే కోయను గోండి కింద రాసిండ్రు. తర్వాత చాలామంది ద్రావిడ భాషావేత్తలు కూడా అదే దారిలో నడిచిండ్రు. మన తెలుగు పంతుళ్ళకు తెలియదు గానీ, కోయలో 'ఏరు' అంటే నీళ్ళు, గోండిలో కూడా దాదాపు అదే మాట. తెలుగు పంతులు మాత్రం ఏరు అంటే వాగు అనుకుంటడు. చిన్నపిల్ల దాహమై "ఏరు" అంటే, పంతులు వాగుకు పోతనంటోందని కూర్చోబెడతడు. ఆ ఒక్క మాట చాలు, మనం తెలుగుకు దగ్గరనా, గోండికి దగ్గరనా తేలడానికి.

కానీ చుట్టరికం వేరు, ఖాతా వేరు. మనలో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు ఉన్నయి. గట్టు వేరైతే కోయతూర్ కాకుండా పోతమా? గట్టు కలిపేస్తే పెళ్ళి ఎక్కడ చెయ్యాలో తెలియకుండా పోతది. కోడ్ కూడా అంతే. గోండికి జిఓఎన్ అని పెద్ద గంప ఒకటి ఉంది, దాని లోపల ఉత్తర గోండి, ఆదిలాబాద్ గోండి, అహేరి గోండి వేరువేరుగా ఉన్నయి. దక్షిణ గోండి అని ఒక్కటిగా ఉన్న కోడ్‌ను తీసేసి, ఆదిలాబాద్ గోండికి ఒకటి, అహేరి గోండికి ఒకటి కొత్తవి ఇచ్చిండ్రు. అంటే గోండి వాళ్ళ దగ్గరనే ఒక్క కోడ్ చాలక విడదీస్తుంటే, మనం ఉన్నదాన్ని చింపుకుని పోయి కలుస్తమా? కేంద్ర గిరిజన శాఖ 2025లో 'ఆది వాణి' అని అనువాద యాప్ తెచ్చింది. అందులో సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండి ఉంది. ఇన్‌స్టాల్ చేసి మీ అమ్మమ్మ ముందు పెట్టండి. ఆమె మాట దానికి ఎంత అందిందో, దాని మాట ఆమెకు ఎంత అందిందో మీరే రాయండి. వాదన అక్కడికక్కడే తేలిపోతది.

మిషనరీ కోడ్ అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. మూడక్షరాల కోడ్ల పుస్తకం చూసుకునేది అమెరికాలో డల్లాస్‌లో ఉన్న ఎస్ఐఎల్ అనే సంస్థ. 1934లో బైబిల్ అనువాదకులకు భాషా శిక్షణగా మొదలైన సంస్థ అది. నిజమే. ఇంకా వెనక్కి పోతే, దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1870ల నుంచే మన భాష మీద, మన రేకపల్లి, భద్రాచలం తాలూకాల మీద రాసిండు. 1969లో స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్ గొమ్ము కోయ యాసకు వ్యాకరణం అచ్చేసిండు. తెల్లోళ్ళు మన భాషను లెక్కపెట్టిండ్రని మనకు సిగ్గేస్తే వెయ్యాలి. కానీ సిగ్గు వాళ్ళు లెక్కపెట్టినందుకా, మనం లెక్కపెట్టుకోనందుకా? ఆ కోడ్ మార్చాలన్నా, పేరు సరిచెయ్యాలన్నా, వాళ్ళ దగ్గర ఒక దరఖాస్తు ఫారం ఉంది. ఎవరైనా నింపొచ్చు. దాన్ని బహిరంగంగా పెడతరు, అభిప్రాయాలు తీసుకుంటరు, ఏడాదికోసారి తేలుస్తరు. కోయ పేరుతో మనం ఎన్ని నింపినం?

ఇప్పుడు అసలు గుమ్మం దగ్గరకొద్దాం.

2001 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కోయ తెగ జనాభా 5,68,019. అదే 2001లో దేశం మొత్తం మీద, అంటే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూడా కలిపి, మాతృభాష కోయ అని రాయించుకున్నోళ్ళు 3,62,070. ఇక్కడ ఆగి ఇంకోసారి చదవండి. ఒక్క రాష్ట్రంలో తెగ అయిదున్నర లక్షలు దాటితే, దేశమంతా కలిపి భాష మూడున్నర లక్షలే. 2011కు భాష లెక్క నాలుగు లక్షలు దాటింది, అయినా తెగ లెక్కకు దూరమే. మిగతా వాళ్ళ నాలుక ఏమైంది? కొందరి ఇండ్లల్ల నిజంగానే కోయ పోయింది, మైదానం వైపు ఊళ్ళల్ల ఎప్పుడో పోయింది. కానీ కొందరి ఇండ్లల్ల కోయ మాట్లాడుతూనే తెలుగు అని రాయించుకున్నరు. వచ్చిన టీచరు అడగకుండానే రాసుకున్నడు, మనోళ్ళు తల ఊపిండ్రు. సంతకం చేసి మరీ భాషను అప్పగించినం.

వచ్చే జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. మాతృభాష అనే గడి అందులో ఉంటది. ఒక మాతృభాషకు పది వేల మంది లేకపోతే దాని పేరు అచ్చయ్యే పట్టికలో కూడా రాదు, 'ఇతరులు' అనే మూటలో పడుతది. కోయకు ఆ భయం ఇప్పుడు లేదు. కానీ కొండరెడ్ల ఇండ్లల్ల, నాయకపోళ్ళ ఇండ్లల్ల అడిగి చూడండి, వాళ్ళ మాట ఏ గడిలో పడిందో. మన సరిహద్దు సంగతి ఇంకా తికమక. గీత దాటి ఛత్తీస్‌గఢ్ పోతే మన మనుషుల్నే దోర్ల అంటరు, వాళ్ళ మాటను దోర్లి అంటరు. భాషావేత్తలు దాన్ని కోయలో భాగంగానే చూసిండ్రు. ఇటు ఒక పేరు, అటు ఒక పేరు రాయించుకుంటే లెక్క చెల్లాచెదురే. మల్కనగిరిలో మనోళ్ళున్నరు, కుంటలో ఉన్నరు, 2014లో పోలవరం కోసం గీసిన గీతతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుకునూరు, వేలేరుపాడు అవతలికి పోయినయి. ఒక భాష, నాలుగు రాష్ట్రాలు.

డచ్చోళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇక్కడ ఉంది, ఆ ఎన్ఎల్‌లో కాదు. వాళ్ళ భాష కూడా సరిహద్దులతో చీలిందే. నెదర్లాండ్స్‌లో ఉంది, బెల్జియంలో ఫ్లాండర్స్ వైపు ఉంది, సముద్రాల అవతల సురినామ్‌లో ఉంది. అయినా కోడ్ ఒక్కటే, దేశం తేడా చెప్పాలంటే వెనక తోక తగిలిస్తరు, ఎన్ఎల్ తర్వాత బెల్జియం గుర్తు అట్ల. 1980లో నెదర్లాండ్స్, బెల్జియం కూర్చుని ఒప్పందం రాసుకుని భాషా సంఘం ఒకటి పెట్టుకున్నయి. స్పెల్లింగ్ ఎట్ల రాయాలో ఇద్దరూ కలిసి తేల్చుకుంటరు, ఒకే పదాల పుస్తకం రెండు దేశాల బళ్ళల్ల వాడుతరు. తర్వాత సురినామ్ కూడా చేరింది. రెండు దేశాలోళ్ళు చేసుకున్న పని నాలుగు రాష్ట్రాల కోయ పిల్లలు చేసుకోలేరా?

చేసుకోవాల్సిన అవసరం ఉందా అంటే, ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో బహుభాషా విద్య మొదలైనప్పుడు ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చినయి, అందులో కోయ ఒకటి, తెలుగు లిపిలో. ఒడిశాలో కూడా పది ఆదివాసీ భాషల్లో పుస్తకాలు వేసిండ్రు, అందులో కోయ ఉంది, ఒడియా లిపిలో. బస్తర్ వైపు పిల్లోడు దేవనాగరి చదువుతడు. ఒకే పాట మూడు లిపుల్లో, మూడు స్పెల్లింగుల్లో. దేవనాగరిలో, ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ తేడా మామూలుగా రాయరు, మన మాటకు ఆ తేడా ప్రాణం. అందుకే తెలుగు లిపి మనకు ఎక్కువ అందుతది అని నా అభిప్రాయం. కానీ మల్కనగిరి పిల్లోడి మీద దాన్ని రుద్దను. కెఎఫ్ఎఫ్ వెనక తెలుగు లిపికి, ఒడియా లిపికి, దేవనాగరికి వేరే తోకలు తగిలించుకునే వీలు ఆ కోడ్ పద్ధతిలోనే ఉంది. మనం తిట్టుకుంటున్న ఆ కోడ్ మనకు పనికొచ్చే చోటు సరిగ్గా ఇదే. ఊళ్ళో అవ్వ చెప్పిన కథ రికార్డు చేసి, ఫైలు మీద కెఎఫ్ఎఫ్ అని, లిపి గుర్తు అని పెడితే, అది ఎవరు వెతికినా కోయ అనే దొరుకుతది. వికీపీడియా ప్రయోగశాలలో కొత్త భాష మొదలు పెట్టాలన్నా మొదట అడిగేది ఆ కోడే. డచ్చి వికీపీడియాలో ఇరవై లక్షల వ్యాసాలు దాటినయి. మనం ఇరవై రాద్దాం ముందు.

బడి సంగతి మర్చిపోతే ఈ పోస్టు దండగ. రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచి చెప్తనే ఉంది, ప్రాథమిక బడిలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలని. షెడ్యూల్డ్ ఏరియా బళ్ళల్ల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3 2000లో వచ్చింది, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. రిజర్వేషన్ వాదన కోర్టులో ఓడిపోయింది. కానీ ఇంకో వాదన మిగిలే ఉంది: కోయ మాట్లాడే పిల్లలున్న బడికి కోయ వచ్చిన టీచరు కావాలి అన్న వాదన. అది తెగ పేరు మీద అడిగేది కాదు, భాష పేరు మీద అడిగేది. దానికి రుజువు ఏది? ఈ మండలంలో ఇంతమంది పిల్లల మాతృభాష కోయ అని చూపించే కాగితం. అది వచ్చేది జనగణన గడి నుంచే. 2001లో లక్షల నాలుకలు తెలుగు గడిలో పడితే, ఏ ఆఫీసరైనా ఏమంటడు? "మీ వాళ్ళే తెలుగని రాయించుకున్నరు గదా" అంటడు. ఆ మాటకు మన దగ్గర జవాబు ఉండాలి.

అందుకే మెమోరాండం ఇద్దాం, కానీ అందులో రెండక్షరాల మాట కొట్టెయ్యండి. గణనకు వచ్చే టీచర్లు మాతృభాష గడిని ప్రతి ఇంట్లో నోరు తెరిచి అడగాలని, అడగకుండా తెలుగు అని నింపొద్దని రాయండి. పట్టిక పెట్టిన తమ్ముడే దీన్ని రాస్తే బాగుంటది, చెయ్యి మంచిది. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, ఏటూరునాగారం వైపు మన పిల్లలు ఎవరి ఊరు వాళ్ళు తీసుకోండి. కుంట, మల్కనగిరి వైపు చుట్టాలున్నోళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, దోర్ల అన్నలతో మాట్లాడి అందరం ఒకే పేరు చెప్పేలా చూడాలి.